ఒక లోకం, ఒక నియమం

ఎంతో ఇష్టపడి ఆడిన ఆటను ఊరికే ఆడితే చాలదని ఏదో ఒకరోజు అనిపిస్తుంది. ఇందులో నాదంటూ ఒక లోకం ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఫ్యాన్ గేములన్నీ ఆ కోరికలోంచి పుట్టినవే. ఆ కోరిక కలగగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే. నోట్‌బుక్ తీసి జాబితా రాస్తారు. మొదటి లోకం పచ్చిక, రెండోది ఎడారి, మూడోది సముద్రం, తర్వాత మంచు, ఆకాశం, అగ్నిపర్వతం, చివర విలన్ కోట. పావుగంటలో ఆట మొత్తం కళ్ల ముందు నిలబడినట్టే ఉంటుంది. ఆ తర్వాత నెలల తరబడి బొమ్మలు గీస్తారు, టైల్స్ పేరుస్తారు. మూడో లోకం దాకా వచ్చేసరికి ఉత్సాహం సన్నగిల్లి ఆ ఫోల్డర్ తెరవడమే మానేస్తారు.

అలా ఆగిపోయినవాళ్లు తమకు పట్టుదల లేదని బాధపడుతుంటారు. అసలు లోటు వాళ్లలో లేదు, ఆ జాబితాలో ఉంది. అందులో ఉన్నవి చోట్ల పేర్లు. అక్కడికి వెళ్లాక ఆడేవాళ్ల చేతులకు ఏం పని పడుతుందో అందులో ఒక్క ముక్క కూడా లేదు. ఎడారిలోనూ అదే జంప్, సముద్రం ఒడ్డునా అదే జంప్, మారింది రంగు మాత్రమే. కట్టేవాళ్లకే విసుగు పుట్టిన చోట ఆడేవాళ్లు ఎందుకు నిలబడతారు?

ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోవలసింది ఒక్కటే. ప్రతి లోకానికీ ఒక నియమం ఉండాలి, దాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఆ వాక్యం కుదిరితే బొమ్మలు, రంగులు, శత్రువులు, పాట అన్నీ దాని వెంటే నడిచి వస్తాయి. కుదరకపోతే ఎంత అందంగా గీసినా అది వెనకాల వేలాడదీసిన తెరలాగే మిగులుతుంది.

ఆ జాబితా ఎక్కడిది?

మనందరికీ ఈ వరుస కంఠతా రావడానికి కారణం నింటెండో. షిగెరు మియమోతో, తకాషి తెజుకా రూపొందించిన సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చింది. 8 లోకాలు, లోకానికి 4 చొప్పున 32 లెవెల్స్. ప్రోగ్రామూ బొమ్మలూ అన్నీ కలిపి 40 కిలోబైట్లలో ఇమిడిపోయాయి. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అంత ఇరుకులో మేఘం బొమ్మకే ఆకుపచ్చ రంగు వేసి పొదగా వాడుకున్నారు. పైనున్న ఇటుకలకే నీలం రంగు పూసి వాటితో నేలమాళిగ కట్టారు. లోకాలకు పేర్లు కూడా లేవు, అంకెలే.

పేర్లు, వాటితోపాటు లోకాల మ్యాపు, 1988లో జపాన్‌లో విడుదలైన సూపర్ మారియో బ్రదర్స్ 3తో వచ్చాయి. గడ్డి నేల, ఎడారి, నీళ్లు, భారీకాయాల లోకం, ఆకాశం, మంచు, గొట్టాలు, చీకటి, మొత్తం ఎనిమిది. 1990లో సూపర్ మారియో వరల్డ్ వచ్చింది. 1990లలో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేముల్లో మారియోను చూసిన తెలుగు పిల్లలకు ఆ ఇటుకలు, ఆ గొట్టాలు సొంత వీధి అంత బాగా గుర్తు.

ఆ జాబితాను తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే మనం తీసుకున్నవి పేర్లు. తీసుకోవలసింది ఆ పేర్ల వెనకాల జరిగిన ఆలోచన.

సూర్యుడు కిందికి దిగిన చోటు

ఆ ఆలోచన ఎలాంటిదో చూడాలంటే సూపర్ మారియో బ్రదర్స్ 3లోని ఎడారి లోకానికి వెళ్లండి. అందులో ఒక లెవెల్‌లో తెర పైమూలన ఒక సూర్యుడు ఉంటాడు. కోపంగా ఉన్న ముఖం. ఎడారి కదా, సూర్యుడు ఉండడా అనుకుని ముందుకు పోతాం. ఇసుకలో కాళ్లు దిగబడుతుంటాయి, సుడిగాలి లాగేస్తుంటుంది. వాటిని దాటి ఊపిరి పీల్చుకునే వేళకు ఆ సూర్యుడు వణకడం మొదలుపెడతాడు. మరుక్షణం మూలలోంచి ఊడి, ఉయ్యాల ఊపులా ఒక వంపు తిరుగుతూ మారియో మీదికి దూసుకొస్తాడు. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, మళ్లీ వెనక్కి. అప్పటిదాకా అలంకారంగా కనిపించిన బొమ్మ శత్రువుగా మారిపోయింది.

ఇక్కడ జరిగినదాన్ని విడదీసి చూడండి. ఎడారి అనగానే ఎవరికైనా తట్టేది ఎండ. ఆ ఎండను పసుపు రంగుగా చూపించి ఊరుకోలేదు. ఎండ తరుముతుంది, నిలబడితే కొడుతుంది, పరుగు ఆపకూడదు అన్న అనుభవాన్ని వేళ్లకు తగిలేలా చేశారు. సూర్యుణ్ణి ముందే మూలన కూర్చోబెట్టారు కాబట్టి ఆడేవాళ్లు ఉలిక్కిపడతారు గాని మోసపోయామని అనుకోరు. ఒక తాబేటి డిప్పను సరిగ్గా విసిరితే ఆ సూర్యుణ్ణి కూడా పడగొట్టవచ్చు. భయం, హెచ్చరిక, దారి, మూడూ ఒకే వస్తువులో ఉన్నాయి.

మిగతా లోకాల్లోనూ ఇదే పద్ధతి. మంచు లోకంలో నేల జారుతుంది, గడ్డకట్టిన నాణేలను నిప్పు ఉండలతో కరిగించాల్సి వస్తుంది. భారీకాయాల లోకంలో ఇటుకలూ గొట్టాలూ శత్రువులూ పెద్దవైపోతాయి, అంతవరకు కంటికి అలవాటైన దూరాలన్నీ మళ్లీ కొలుచుకోవాలి. అక్కడే ఒక లెవెల్‌లో తలుపు దాటితే శత్రువుల సైజు మారిపోతుంది. ఆకాశ లోకం నేల మీద మొదలవుతుంది. ఒక బురుజు ఎక్కి పైకి వెళితేనే మబ్బుల మ్యాపు తెరుచుకుంటుంది. పైకి ఎక్కామన్న భావన ఆడేవాళ్లకు తమ శ్రమతోనే కలుగుతుంది.

మీ లోకాన్ని పరీక్షించుకోవడానికి ఈ వాక్యం రాసి చూడండి:

*ఈ లోకంలో ఫలానాది ఇలా జరుగుతుంది, కాబట్టి ఆడేవాళ్లు ఇలా చేయాలి.*

నేల జారుతుంది, కాబట్టి ఎక్కడ ఆగాలో ముందే చూసుకోవాలి. గాలి ఎదురు కొడుతుంది, కాబట్టి అది తగ్గినప్పుడే దూకాలి. ఇలా రెండో సగం రాయగలిగితే మీ చేతిలో లోకం ఉంది. ‘ఇది చాక్లెట్ లోకం, కాబట్టి...’ అని కలం ఆగిపోతే మీ చేతిలో ఉన్నది రంగు మాత్రమే. ఆ లోకాన్ని తీసేయనక్కర్లేదు. చాక్లెట్ ఏం చేస్తుంది అని అడగండి. వేడికి కరుగుతుంది, అంటుకుంటుంది, చల్లారితే బిగుస్తుంది. నియమం అక్కడ దొరుకుతుంది.

ముందు హీరో, తర్వాత లోకం

నియమం పుట్టేది హీరో చేసే పనిలోంచి. సెగా 1991లో తెచ్చిన సోనిక్ ద హెడ్జ్‌హాగ్ చూడండి. సోనిక్‌కు వేగమే ప్రాణం. మొదటి చోటు గ్రీన్ హిల్ జోన్‌లో కొండవాలులూ గుండ్రంగా తిరిగే దారులూ ఆ వేగానికి పండగలా ఉంటాయి. అదే ఆటలో లాబిరింత్ జోన్‌కు వచ్చేసరికి నీళ్లు. కాళ్లు బరువెక్కుతాయి, వేగం పోతుంది, ఊపిరి అయిపోతూ ఉంటే గుండె దడ పెంచే సంగీతంతో అంకెల లెక్క మొదలవుతుంది. నీటి బుడగ దొరికితేనే ప్రాణం. హీరోకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని లాక్కోవడమే ఆ లోకం నియమం. ఒక లోకం హీరో బలాన్ని విప్పి చూపిస్తుంది, ఇంకోటి అదే బలాన్ని కట్టేస్తుంది.

అందుకని ఏ లోకం గురించి ఆలోచించే ముందైనా మీ హీరో చేయగల పనులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పరుగు, జంప్, గోడ పట్టుకోవడం, వస్తువు మోయడం, ఏవైతే అవి. తర్వాత జంప్‌ను కొలవండి. ఖాళీ లెవెల్‌లో గడుల మెట్లు కట్టి హీరో ఎన్ని గడుల ఎత్తు ఎక్కగలడో, పరుగెత్తి దూకితే ఎన్ని గడుల దూరం దాటగలడో చూడండి. ఆరు గడులు దాటగలడనుకోండి. మొదటి లోకంలో గోతులు మూడు గడులు మించకూడదు, చివరి లోకంలో ఐదు దాకా పోవచ్చు. ఆరు గడుల గొయ్యి ఎక్కడా వద్దు. ఆడేవాళ్లు పిక్సెల్ తేడాతో చచ్చిపోతే దాన్ని కష్టం అనుకోరు, అన్యాయం అనుకుంటారు.

అంచు దాటాక కూడా ఓ పదో వంతు సెకను పాటు, అంటే సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఆరు ఫ్రేములు, జంప్ పనిచేసేలా ఉంచండి. కళ్లు, వేళ్లు కలిసే చోట మనిషికి అంత వెసులుబాటు కావాలి. ఈ అంకెలు స్థిరపడక ముందు లెవెల్స్ కట్టడం నేల విడిచి సాము చేయడమే. తర్వాత జంప్ కొంచెం మార్చినా కట్టినవన్నీ మళ్లీ కట్టుకోవాలి.

నియమాన్ని నాలుగు మెట్లలో నేర్పడం

నియమం ఉంది, దాన్ని ఆడేవాళ్లకు ఎలా చెప్పాలి? తెర మీద అక్షరాలతో చెప్పొద్దు. సూపర్ మారియో 3డీ ల్యాండ్ దర్శకుడు కోయిచి హయషిదా తన పద్ధతిని బయటికి చెప్పారు. జపాన్‌లో నాలుగు గడుల కార్టూన్ కథలు నడిచే క్రమమే అది. మొదటి గడిలో పరిచయం, రెండో గడిలో విస్తరణ, మూడో గడిలో అనుకోని మలుపు, నాలుగో గడిలో ముగింపు.

ఆటకు వస్తే ఇలా ఉంటుంది. మొదట, పొరపాటు చేసినా ప్రాణం పోని చోట కొత్త వస్తువును పరిచయం చేయాలి. తర్వాత అదే వస్తువును ప్రమాదం ఉన్న చోట పెట్టాలి. మూడోసారి, అర్థమైపోయింది అనుకున్నవాళ్లు మళ్లీ ఆలోచించుకునేలా దాన్ని తిరగేయాలి. చివరిసారి, నేర్చుకున్నదంతా దర్జాగా వాడుకునే అవకాశం ఇవ్వాలి. ఒక్క లెవెల్ లోపల కూడా ఈ నాలుగు మెట్లు పడతాయి, నాలుగు లెవెల్స్ ఉన్న లోకం మొత్తానికీ పడతాయి.

ఇక్కడ మనసును అదుపులో పెట్టుకోవడం అవసరం. కట్టేటప్పుడు కొత్త ఆలోచనలు వరదలా వస్తాయి. ప్రతిదాన్నీ ఇదే లోకంలో దూర్చాలనిపిస్తుంది. దూర్చకండి. సూపర్ మారియో బ్రదర్స్ 3లో మారియో ఒక పెద్ద బూటులో నిలబడి గెంతుతూ వెళ్లే లెవెల్ ఉంది. అంత సరదా వస్తువు ఆట మొత్తం మీద ఆ ఒక్క లెవెల్‌లోనే కనిపిస్తుంది. మీకు వచ్చిన ఆలోచనను పారేయొద్దు, వేరే పేజీలో రాసి పక్కన పెట్టండి. దాని వంతు వచ్చినప్పుడు దానికీ ఒక లోకం దొరుకుతుంది.

ఒక లోకం కడదాం: ఉప్పు మడులు

ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒక లోకం కట్టి చూద్దాం. మంచు, ఎడారి ఇప్పటికే వేలమంది కట్టారు. మీరు పుట్టి పెరిగిన చోట ఎవరూ కట్టని లోకాలున్నాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడలోనో, కోస్తాలో చినగంజాం దగ్గరో ఉప్పు మడులు చూసినవాళ్లకు తెలుసు. గట్ల మధ్య నిలిచిన ఉప్పునీరు ఒక మడి నుంచి ఇంకో మడికి పోతూ ఎండకు చిక్కబడుతుంది. చివరి మడిలో ఉప్పు తేలుతుంది. దాన్ని లాగి గట్ల మీద కుప్పలు పోస్తారు, వాన తగలకుండా తాటాకులు కప్పుతారు. ఉప్పు పండించే మనిషికి అన్నిటికంటే పెద్ద భయం అకాల వర్షం. ఒక్క వాన పడితే పడ్డ కష్టమంతా కరిగి నీళ్లలో కలిసిపోతుంది.

నియమం ఆ భయంలోనే ఉంది. *ఎండలో ఉప్పు గట్టిపడుతుంది, వానలో కరుగుతుంది, కాబట్టి ఆకాశం చూసి అడుగు వేయాలి.*

మొదటి లెవెల్. మడుల మీద తెల్లటి ఉప్పు పెచ్చులు, వాటి మీంచి దూకుతూ పోవాలి. ఒకచోట ఎండ మసకబారుతుంది, మడుల మీద కొంగలు ఒక్కసారిగా లేచి ఎగురుతాయి. రెండు సెకన్ల తర్వాత జల్లు. పెచ్చు కరిగి హీరో మోకాలి లోతు నీళ్లలో పడతాడు. అక్కడ ప్రమాదమేమీ ఉండదు, మళ్లీ గట్టెక్కవచ్చు. కొంగలు లేస్తే వాన అన్న పాఠం ఒక్క అక్షరం లేకుండా అందింది.

రెండో లెవెల్. మడులు లోతైనవి, పడితే మళ్లీ చెక్‌పాయింట్ నుంచే. జల్లు ఒక తాళం ప్రకారం వచ్చిపోతుంటుంది. తాటాకు కప్పిన కుప్పలు మాత్రం కరగవు, వాన సేపు వాటి మీదే నిలబడాలి. వాన పడగానే పీతలు కూడా బయటికి వస్తాయి కాబట్టి ఆ నిలబడటం కూడా తీరికగా ఉండదు.

మూడో లెవెల్‌లో మలుపు. దారికి అడ్డంగా ఉప్పు గోడ. దూకలేం, పగలగొట్టలేం. ఇప్పటిదాకా భయపడి దాక్కున్న వానే ఇప్పుడు కావాలి. గోడ కరగాలంటే వాన రావాలి, వాన వస్తే కాళ్ల కింది పెచ్చు కూడా కరుగుతుంది. గోడ ముందు తాటాకు కప్పిన పెచ్చు ఒక్కటే ఉంది. దాని మీదికి సరైన క్షణంలో చేరుకోవాలి. భయపెట్టిన నియమమే దారి చూపించిన క్షణంలో ఆడేవాళ్ల ముఖం వెలుగుతుంది. ఒక లోకం నుంచి మీరు ఆశించవలసింది ఆ వెలుగే.

నాలుగో లెవెల్. ఉప్పు కుప్పలోంచి లేచిన భారీ రాక్షసుడు బాస్. ఎండలో వాడికి ఏ దెబ్బా తగలదు. కొంగలు లేచినప్పుడు వాణ్ణి ఆరుబయటికి రప్పించి, హీరో తాటాకు కప్పిన కుప్ప మీదికి చేరాలి. మొదటి లెవెల్‌లో కొంగలను గమనించినవాళ్లే గెలుస్తారు.

చూశారుగా, హెచ్చరించే కొంగలనూ బాస్‌నూ పక్కన పెడితే ఇందులో కొత్త వస్తువులు ఎన్ని? పెచ్చు, జల్లు, తాటాకు, పీత, గోడ. ఐదే. నాలుగు లెవెల్స్ నిండిపోయాయి.

కంటికి, చెవికి

నియమం కుదిరాకే రంగుల జోలికి వెళ్లండి. అప్పటిదాకా అన్నీ బూడిదరంగు గడులే. ఆ గడులతో ఆడినప్పుడు ఆసక్తిగా లేని లెవెల్ రంగులేస్తే బాగుపడదు.

రంగు చేయవలసిన మొదటి పని ఎక్కడ నిలబడవచ్చో చెప్పడం. ఉప్పు లోకంలోనే ఒక చిక్కు ఉంది. పెచ్చులు తెలుపు, పట్టపగటి ఆకాశమూ తెల్లగానే ఉంటుంది. రెండూ కలిసిపోతే దూకేవాళ్లకు అంచు కనబడదు. ఆకాశాన్ని వాన ముందటి ముదురు నీలానికి, మడుల అడుగును బురద రంగుకు దించితే పెచ్చు దానంతటదే పైకి తేలుతుంది. వెనకాల ఉన్న చెట్లు, గుడిసెలు పాలిపోయినట్టు ఉండాలి, ముందున్న నేలకు గట్టి గీత ఉండాలి. కరుగుతున్న పెచ్చుకు రంగు మారితే చాలదు, చిల్లులు కూడా పడాలి. రంగుల తేడా సరిగా కనిపించని ఆటగాళ్లు చాలామంది ఉంటారు. ఒకసారి తెర ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అందులోనూ దారి తెలిస్తే మీ రంగులు పనిచేస్తున్నట్టే.

ఇక సంగీతం. సూపర్ మారియో వరల్డ్‌లో సంగీతకర్త కోజి కొండో ఒకే రాగాన్ని నేల మీద ఒక రకంగా, నీళ్లలో ఒక రకంగా, నేలమాళిగలో ఇంకో రకంగా వాయించారు. మారియో తన డైనోసార్ నేస్తం యోషి వీపు ఎక్కగానే అదే పాటకు తాళవాద్యం తోడవుతుంది. మీరూ లోకానికో కొత్త పాట వెతుక్కోనక్కర్లేదు. ఉన్న పాటకే జల్లు మొదలైనప్పుడు చినుకుల తాళం చేర్చండి. వాన వస్తోందని చెవికీ తెలుస్తుంది, అది నియమానికి రెండో హెచ్చరిక అవుతుంది.

లోకాల వరుస విషయంలో ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. పక్కపక్క లోకాలు వేర్వేరు పనులు అడగాలి. వేళ చూసుకుని కదలాల్సిన ఉప్పు లోకం పక్కన గాలి లోకం పెడితే రెండూ ఒకేలా అనిపిస్తాయి. మధ్యలో దారి వెతికే లోకమో, వేగంగా పరుగెత్తే లోకమో పెట్టండి.

పిండి కొద్దీ రొట్టె

ఎనిమిది లోకాల ఆటలు పెద్ద కంపెనీలో జీతాలకు పనిచేసే బృందాలు కట్టినవి. మీరు చదువు తర్వాతో ఉద్యోగం తర్వాతో దొరికే గంటల్లో కడుతున్నారు. మీ మొదటి లక్ష్యం ఒక లోకం, నాలుగు లెవెల్స్. అది పూర్తయితే మీ చేతిలో ఒక ఆట ఉన్నట్టే. ఎనిమిది లోకాల్లో సగం సగం కట్టి వదిలేస్తే మీ చేతిలో ఏమీ లేనట్టే. సెలెస్ట్ ఆట కథ ఇందుకు మంచి ఉదాహరణ. మాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ మొదట పీకో-8 అనే ఊహా కన్సోల్ మీద నాలుగు రోజుల్లో ఒక చిన్న ఆట చేశారు. 2018లో వచ్చిన పెద్ద సెలెస్ట్ దానిమీదే పెరిగింది. అందులో ప్రతి అధ్యాయానికీ దాని సొంత నియమం ఉంది.

పనిముట్లకు కొదవ లేదు. సూపర్ మారియో వరల్డ్ లెవెల్స్ మార్చడానికి అభిమానులు వాడే లూనార్ మ్యాజిక్ 2000 నుంచీ ఉంది. సొంతంగా మొదటి నుంచి కట్టాలంటే గొడాట్ ఉచితం, గేమ్‌మేకర్ ఉంది, టైల్స్ పేర్చడానికి టైల్డ్ ఉంది. నింటెండో కూడా 2015లో సూపర్ మారియో మేకర్, 2019లో దాని రెండో భాగం తెచ్చింది. 2020లో వచ్చిన మార్పుతో అందులో 8 లోకాలు, 40 లెవెల్స్ దాకా మ్యాపులో పేర్చుకోవచ్చు. నియమాలను రాయడానికి ముందు పరీక్షించుకోవడానికి అది చక్కని చోటు. ఏ పనిముట్టయినా ఒకటి ఎంచుకుని మొదటి లోకం పూర్తయ్యేదాకా మార్చకండి.

ప్రేమకు హద్దు, హద్దులో గౌరవం

మారియో, సోనిక్, మెట్రాయిడ్ ఆటల నాయిక సామస్ మన పాత్రలు కావు. వాటి బొమ్మల మీద, పాటల మీద హక్కు వాటిని సృష్టించిన సంస్థలది. ఈ సత్యాన్ని మొదటి రోజే ఒప్పుకుని పని మొదలుపెట్టండి. మెట్రాయిడ్ 2ను ఏళ్ల తరబడి కష్టపడి కొత్తగా కట్టిన మిల్టన్ గువాస్తి 2016 ఆగస్టులో దాన్ని ఉచితంగా విడుదల చేశారు. నింటెండో నోటీసులతో డౌన్‌లోడ్ లింకులు వెంటనే పోయాయి. ఆయన నేర్చిన పని మాత్రం ఎక్కడికీ పోలేదు. తర్వాత 2020లో వచ్చిన ఓరి అండ్ ద విల్ ఆఫ్ ద విస్ప్స్‌కు ఆయన లెవెల్ డిజైనర్‌గా పనిచేశారు. 2009లో సూపర్ మారియో బ్రదర్స్ ఎక్స్ అనే ఫ్యాన్ గేమ్ తెచ్చిన ఆండ్రూ స్పింక్స్ 2011లో టెరారియాతో లోకానికి తెలిశారు. అభిమానుల నుంచి వచ్చిన క్రిస్టియన్ వైట్‌హెడ్ ప్రభృతులకు సెగా తలుపు తీసింది, 2017లో సోనిక్ మేనియా వచ్చింది.

వీటి నుంచి మనం ఆచరణలో పెట్టవలసినవి మూడు. మీ ఫ్యాన్ గేమ్‌ను ఎప్పుడూ అమ్మకండి, దాని పేరుతో విరాళాలు అడగకండి. ఇంకొకరు గీసిన బొమ్మ, కట్టిన పాట వాడుకుంటే అడిగి వాడుకోండి, పేరు వేయండి. అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. మారియోను తీసేసి అక్కడ మీ సొంత పాత్రను నిలబెట్టినా ఆ లోకం నిలబడేలా కట్టండి. బొమ్మలు ఎవరివైనా కావచ్చు, నియమం మాత్రం మీది. రేపు ఎవరైనా ఆపమంటే మీరు వదులుకునేది పాత్ర ఒక్కటే.

ఈ వారం చేయవలసినవి

మొదటి రోజు: మీకు ఇష్టమైన ఆటలో మూడు లోకాలు తీసుకోండి. ఒక్కోదాని నియమాన్ని పైన చెప్పిన వాక్యంలో రాయండి. రాయలేని లోకం తగిలితే అక్కడ మీకు విసుగు పుట్టిందా లేదా గుర్తుచేసుకోండి.

రెండో రోజు: మీ హీరో చేసే పనులు రాసి, జంప్ ఎత్తు, దూరం కొలిచి గోడకు అంటించండి.

మూడో రోజు: మీకు బాగా తెలిసిన చోట్లు పది రాయండి. చేపల రేవు, ఇటుక బట్టీ, సినిమా హాలు ప్రొజెక్టర్ గది, ధాన్యం మిల్లు, ఏదైనా సరే. ప్రతిదాని పక్కన అక్కడ పనిచేసేవాళ్లు దేనికి భయపడతారో, దేనికోసం ఎదురుచూస్తారో రాయండి. అక్కడి మనుషులను అడిగి తెలుసుకోగలిగితే ఇంకా మంచిది. ఒక చోటు ఎంచుకోండి.

నాలుగు, ఐదు రోజులు: పరిచయం, విస్తరణ, మలుపు, ముగింపు అన్న క్రమంలో ఒక్క లెవెల్‌ను బూడిదరంగు గడులతో కట్టండి. వస్తువులు ఐదు దాటకూడదు.

ఆరో రోజు: ఆ లెవెల్‌ను ఇంకొకరి చేతిలో పెట్టండి. పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ పడ్డారు, ఎక్కడ నవ్వారు అన్నవి మాత్రం రాసుకోండి. ఒకే చోట పదేపదే పడితే ఆ లోపం ఆడేవాళ్లది అనుకోకండి. మీ పరిచయం సరిపోలేదు, దాన్ని సరిచేయండి. ‘అక్కడ అలా కాదు, ఇలా చేయాలి’ అని చెప్పాలని మీకు నాలుక దాకా వచ్చిన మాటే లెవెల్‌లో లేని మాట.

ఏడో రోజు: ఆడినవారిని ‘ఈ చోట్లో ఏం జరుగుతోంది?’ అని అడగండి. వాళ్ల జవాబు మీరు రాసుకున్న నియమానికి దగ్గరగా ఉంటే రెండో లెవెల్ మొదలుపెట్టండి. లేకపోతే మొదటి లెవెల్‌నే ఇంకోసారి కట్టండి. రెండూ ముందుకు పడిన అడుగులే.

ఈ వారంలో మీరు నేర్చుకునేది ఆటలకే పరిమితం కాదు. చెప్పదలచుకున్నది ఒక్క వాక్యానికి తేవడం, వచ్చిన ప్రతి ఆలోచనకూ తలుపు తీయకుండా నిలబడటం, ఎదుటివాళ్లు తడబడినప్పుడు వాళ్లను కాకుండా మీ పనిని సరిదిద్దుకోవడం, చిన్నదైనా చివరిదాకా పూర్తిచేయడం. పాఠం చెప్పేవాళ్లకూ, వ్యాపారం నడిపేవాళ్లకూ, ఇల్లు కట్టేవాళ్లకూ కావలసినవి ఇవే. ఇష్టమైన ఆట కోసం నేర్చుకుంటే ఇవి బరువనిపించవు. అందుకే అభిమానాన్ని తక్కువగా చూడకండి. దానికి ఒక నియమం ఇవ్వండి, నాలుగు లెవెల్స్ ఇవ్వండి, పూర్తిచేయండి.